ఎదురొచ్చే కోల

మా ప్రయోగశాల నేలకు నా మెట్టెలంటే పడదు. ఆ నేల కింద పరిచిన సెన్సర్లు ఏ పాదం ఎక్కడ ఎంత బరువుతో ఆనిందో తెర మీద చుక్కలుగా చూపిస్తాయి. నా వేళ్ల దగ్గర మాత్రం రెండు ఎర్రచుక్కలు అదనంగా వెలుగుతాయి. పెళ్లి సెలవు అయ్యాక తిరిగి చేరిన రోజున డాక్టర్ భానోజీ తెర చూసి, "వారిజా, నీ పాదాలకేదో కొత్త జబ్బు పట్టుకుంది" అన్నారు.

"జబ్బు కాదు సార్, పెళ్లి."

తీసెయ్యమన్నారు. తియ్యనన్నాను. చివరికి ఆ రెండు చుక్కల్నీ లెక్కలోకి తీసుకోవద్దని ఆయన కంప్యూటరుకే నేర్పుకున్నారు. ఆ సాయంత్రం సింహాద్రికి ఈ కబురు చెబుతూ, నవ్వొచ్చి చెప్పలేక, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

సింహాద్రి నా భర్త. నలుగురిలో ఆయన్ని మీరు అంటాను, ఇద్దరమే ఉంటే నువ్వంటాను. మధ్యలో ఎవరైనా గదిలోకొస్తే వాక్యం సగంలో మారిపోతుంది. పెందుర్తిలో మా ఇల్లు. బాల్కనీ తీగ మీద రెండు తువ్వాళ్లు పక్కపక్కన ఆరుతుంటే చూడటం నాకు భలే ఇష్టం. ఇంట్లో మూడో మనిషి సింహాద్రి నానమ్మ, సన్యాసమ్మగారు. మామగారికి పార్వతీపురం బదిలీ అయినప్పుడు అత్తగారు వెంట వెళ్లారు కానీ ఆవిడ వెళ్లలేదు. ఆవిడ కోలాటం జట్టు ఇక్కడుంది మరి.

మామూలు కోలాటం కాదు, జడ కోలాటం. మధ్యలో నిలబెట్టిన రాట తలనుంచి రంగురంగుల గుడ్డతాళ్లు వేలాడుతుంటాయి. ఆడవాళ్లు ఒక చేత్తో తాడూ ఇంకో చేత్తో కోలా పట్టుకుని, ఎదురైన మనిషి కోలకు తమ కోల తాకించి, ఒకరు లోపలినుంచీ ఒకరు బయటినుంచీ దాటుకుంటూ తిరుగుతారు. కింద వాళ్లు తిరుగుతుంటే పైన తాళ్లు జడలా అల్లుకుంటాయి. వెనక్కి తిరిగితే ఆ జడ విడిపోతుంది. ఒక్కరు అడుగు తప్పినా చిక్కుపడుతుంది. అందులో సన్యాసమ్మగారికి జత పైడమ్మగారు. ఇద్దరూ లంగాల వయసునుంచీ ఎదురెదురుగా నిలబడుతున్నారట.

కిందటి వానాకాలం కుళాయి దగ్గర సన్యాసమ్మగారు జారిపడ్డారు. ఎముక విరగలేదు. వాపు కూడా తగ్గిపోయింది. కానీ అప్పటినుంచీ గోడ పట్టుకోకుండా అడుగు వేయడం లేదు. నేను ఫిజియోథెరపిస్టుని. పెళ్లయి ఇంటికొచ్చిన వారంలోనే ఆవిడ మోకాళ్లూ మడమలూ పరీక్షించాను. కాళ్లు బాగానే ఉన్నాయి. భయమే ఉంది.

"దసరా ఊరేగింపుకి రాకపోతే పైడమ్మకి కొత్త జతని కడతానన్నాడు సూరప్పడు" అన్నారావిడ ఒకరోజు, చిక్కుడుకాయలు ఒలుస్తూ. సూరప్పడు వాళ్ల గురువు. తాళం వేసి పాట చెప్పేవాడు ఆయనే.

"మీరేమన్నారు?"

"నానేటంటాను? కట్టుకోమన్నాను." చిక్కుడు గింజలు చేటలోకీ తొక్కలు ముంతలోకీ వెయ్యాల్సింది, అన్నీ ముంతలోనే వేస్తున్నారు. "దాని ఎదురుగా ఇంకో మనిషిని నాను సూడనేనే గుంటా."

మర్నాడే ఆవిడ పేరు మా ప్రయోగానికి ఇచ్చాను.

*

మా ప్రయోగం పేరు 'జత'. వర్చువల్ రియాలిటీ ఆటలతో పెద్దవాళ్లకు వ్యాయామం చేయించడం కొత్త సంగతేమీ కాదు. హెడ్‌సెట్ పెట్టుకుని తోటలో నడిపిస్తారు, బంతులు పట్టిస్తారు. భానోజీ కనిపెట్టింది వేరు. మనం చెయ్యి ఎత్తాలనుకున్నాక, చెయ్యి కదిలే లోపల కండరానికో కబురు వెళుతుంది. ముంజేతులకూ పిక్కలకూ కట్టిన పట్టీలతో ఆయన ఆ కబురును దారిలోనే వింటారు. మనిషి ఎక్కడ కొట్టబోతోందో ఆ మనిషికంటే ముందే యంత్రానికి తెలుస్తుంది.

మొదటిసారి నామీదే పెట్టి చూశారు. ఎదురుగా పసుపుచీర కట్టుకున్న బొమ్మపిల్ల, చేతిలో కోల. నేను పైకి కొట్టాను, ఆమె కోల అక్కడుంది. కిందికి కొట్టాను, అక్కడా ఉంది. పైకి కొట్టబోయి చివర్లో మనసు మార్చుకుని పక్కకు కొట్టాను. అప్పటికే అక్కడికి వచ్చేసింది. నా చేతిలోని ప్లాస్టిక్ కోలలో చిన్న బరువొకటి కదిలి టక్కుమని దెబ్బ తగిలినట్టే అనిపించింది. ఎంత ఏడిపిద్దామన్నా ఏడవలేదు ఆ పిల్ల.

"ఎప్పుడూ తప్పనివ్వకపోతే శరీరం భయం మరిచిపోతుంది" అన్నారు భానోజీ. "భయం పోతే అడుగు దానంతటదే సాగుతుంది. అంతే నా సిద్ధాంతం."

సన్యాసమ్మగారికి పట్టీలు కట్టి, నడుముకు పైనుంచి వేలాడే బెల్టు తగిలించి, హెడ్‌సెట్ పెట్టాను. చాలాసేపు కదల్లేదావిడ. తర్వాత కోల కొంచెం ఎత్తారు. టక్.

"ఓలమ్మో!" అన్నారు. మళ్లీ కొట్టారు. టక్. "ఈ గుంట ఎవులే? మాటాడదేటి?"

"బొమ్మ, మామ్మగారూ."

"బొమ్మయితే ఏటి, బుద్ధిమంతురాలు. మా పైడికి సెప్పాలి సూసి నేర్చుకోమని."

వర్షాలు మొదలయ్యే వేళకు ఆవిడ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం మొదలుపెట్టారు. తెర మీద పాదాల చుక్కలు దూరందూరంగా పడ్డాయి. ప్రయోగంలో ఉన్న అందరిదీ అదే తీరు. రిటైరైన బస్సు డ్రైవరు అర్జునరావుగారు మా మెట్లు ఎక్కి, దిగి, ఇంకోసారి ఎక్కి చూపించారు. ఒక ఆదివారం సన్యాసమ్మగారు ఎవరికీ చెప్పకుండా రైతుబజారుకు వెళ్లి వంకాయలతో తిరిగొచ్చారు. సింహాద్రి గుమ్మంలో నిలబడి ఆ సంచీని, ఆవిణ్ణి, నన్ను మార్చిమార్చి చూశాడు.

"ఏటి చేశావు మా నానమ్మని?" అన్నాడు.

"మీ నానమ్మనే అడగండి" అన్నాను, ఆవిడ వింటున్నారు కాబట్టి. నాకు మాత్రం రోడ్డు మీదకెళ్లి అందరికీ చెప్పాలనిపించింది. ఆ వంకాయలు పుచ్చులు. అయినా కూర ఎంత బాగుందో!

ఆ రోజుల్లోనే ఒక ఉదయం ఆవిడ నాకు కాఫీ తెచ్చిచ్చారు. నేను చెయ్యి చాపుతూనే ఉన్నాను, గ్లాసు ఇంకా నా వేళ్లను తాకలేదు, ఆవిడ వదిలేశారు. కాఫీ అంతా నా కొత్త చీర మీద పడింది.

"కొత్తకోడలికి కాఫీతో మంగళస్నానం" అన్నాడు సింహాద్రి. అందరం నవ్వుకున్నాం. ఆవిడ మాత్రం, "అందుకోవేటే?" అని నన్నే కోప్పడ్డారు.

*

దసరా ఇంకా దూరముండగానే సాధన మొదలైంది. వీధి చివరి ఖాళీ స్థలంలో రాట పాతారు. సన్యాసమ్మగారిని చూడగానే పైడమ్మగారు పరుగులాంటి నడకతో ఎదురొచ్చారు. సన్నటి మనిషి, కళ్లజోడుకు దారం కట్టుకుని మెడలో వేసుకుంటారు.

"వచ్చినావా? సచ్చీపోనావేమో అనుకున్నాను" అన్నారు.

"నిన్ను పంపించీకుండా నానెలాగెల్తానే?"

తాళ్లు పంచారు. సూరప్పడు తాళం వేశాడు. సన్యాసమ్మగారి అడుగు చూసి నాకు ఒళ్లు పులకరించింది, పొడుగ్గా, తొణక్కుండా పడుతోంది. కోల ఎత్తారు. కొట్టారు. పైడమ్మగారు కెవ్వుమన్నారు.

కోల చివర ఆమె చూపుడువేలు మీద పడింది. గోరు చిట్లి రక్తం కారుతోంది. తాళ్లు అందరి చేతుల్లోనూ ఆగిపోయాయి.

"సూసుకోవేటే?" అన్నారు పైడమ్మగారు వేలు పట్టుకుని.

"నాను సూసుకోడమేటి? నీ కోల రానేదు. సోట్లో నేవు నువ్వు!"

"నాను సోట్లోనే ఉన్నాను. నువ్వే నా మొకం సూడకుండా కొట్టీసినావు."

"నీకు తాళం పోయిందే పైడీ. ముసిల్దానివైపోనావు."

ఈ మాటకు పైడమ్మగారు తాడు కింద పెట్టి వెళ్లిపోయారు. ఆ వారమంతా ఇద్దరి మధ్యా మాటల్లేవు. రెండు వీధుల అవతలుండే మనిషి గురించి సన్యాసమ్మగారు గోడకు చెబుతున్నట్టు మాట్లాడేవారు. "ఆ గుంట ఎప్పుడైనా తప్పిందేటి? నానెక్కడ కొడితే అక్కడుంటాది. మడిసికి ఉండొద్దేటి ఆ బుద్ధి?"

*

నాకు విషయం అర్థమైంది శనగల వల్ల.

పెళ్లయ్యాక నాకది మొదటి శ్రావణం. మా అమ్మ భీమవరంనుంచి ఫోను చేసి, శుక్రవారం ఎవరికైనా వాయనం ఇవ్వమని పదేపదే చెప్పింది. శనగలు నానబెట్టి, తాంబూలమూ రవికెగుడ్డా పట్టుకుని ప్రయోగశాలకే వెళ్లాను. ఆ రోజు ఆటకు ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. మొదట సన్యాసమ్మగారి దగ్గరికెళ్లాను.

"నాకెందుకే? మీ తాత లేడు గదా, నాకియ్యకూడదు."

"మొదటిది మీకే మామ్మగారూ. కొంగు పట్టండి."

ఆవిడ మురిసిపోయి కొంగు చాపారు. "ఇస్తినమ్మ వాయనం" అన్నాను. "పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నారావిడ. నా చేతులు ఇంకా కొంగు దాకా వెళ్లలేదు. ఆవిడ మాత్రం కొంగు దగ్గరికి మడుచుకుని, బొడ్లో దోపుకుని, కళ్లకద్దుకునేందుకు చేతులు జోడించారు. శనగలు గలగలా నేలమీద పడ్డాయి.

నవ్వి, మిగతావి తీసుకుని రెండో ఆవిడ దగ్గరికెళ్లాను. ఆమె కూడా అంతే. తీసుకోకముందే తీసుకున్నట్టు కొంగు మూసేశారు. మూడో ఆవిడ దగ్గర నేను కావాలనే ఆగాను. ఏమీ వెయ్యలేదు. ఖాళీ కొంగు జాగ్రత్తగా ముడివేసుకుని, "దీర్ఘసుమంగళీభవ" అని వెనక్కి తిరిగారామె.

తెర మీద నేలంతా ఎర్రచుక్కలు. శనగగింజ ఒక్కొక్కటీ ఒక్కో చుక్కై దొర్లుతోంది. భానోజీ పక్కగదిలోంచి నవ్వుతూ వచ్చారు. "ఏమిటమ్మా ఇది, ప్రయోగశాలకి తట్టు పోసిందా?"

నేను నవ్వలేకపోయాను. "వాళ్లు నా చేతుల్ని చూడలేదు సార్. చూడాల్సిన పనే లేదనుకున్నారు. వాళ్ల కొంగు ఎక్కడుంటే నా చెయ్యి అక్కడికొచ్చేసి ఉంటుందని వాళ్ల ఒంటికి తెలుసు."

కాఫీ గ్లాసు సంగతి చెప్పాను. పైడమ్మగారి వేలు సంగతి చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చుని చాలాసేపు తెర మీది చుక్కల్నే చూశారు.

"ఎదుటి మనిషి కోసం చూడటం కూడా ఒక కదలికే" అన్నారు చివరికి. "దానికి మనం పరీక్ష పెట్టలేదు."

"ఆ బొమ్మని కొంచెం ఆలస్యంగా రమ్మందాం సార్. ఒక్కోసారి తప్పమందాం."

"తప్పడం మొదలైతే భయం తిరిగొస్తుంది. భయమొస్తే గోడ పట్టుకుంటారు. నువ్వు ఇంటికెళ్లి మీ మామ్మగారిని చూసుకోవాలి, ఆలోచించుకో."

ఆలోచించాను. రోడ్డు దాటుతూ ఆటో తనకోసం ఆగే ఉంటుందని ఆవిడ అడుగేస్తే ఏమవుతుందో ఆలోచించాను. "మార్చండి" అన్నాను.

భానోజీ చెప్పినట్టే జరిగింది. మర్నాటి ఆటలో సన్యాసమ్మగారు కోల ఎత్తి కొట్టారు. పసుపుచీర పిల్ల కోల కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆవిడ చెయ్యి గాల్లో తూలింది. పడలేదు, నడుముకు బెల్టుంది. కానీ రెండు చేతులూ గోడ కోసం తడిమాయి. ఆ తర్వాత ఎంత బతిమాలినా ఆడలేదు. ఇంటికొచ్చాక వంటింట్లోకి గోడ పట్టుకునే వెళ్లారు.

"ఎందుకే దాన్ని పాడు సేసినావు?" అన్నారు నాతో. కోపంగా కూడా కాదు. "నాకున్నది అదొక్కటే గదే. నా కాళ్లు నాకిచ్చీసి మల్లీ తీసీసుకున్నావు."



ఆ పూట సింహాద్రీ నేనూ మొదటిసారి పోట్లాడుకున్నాం. పోట్లాటంటే, తను ఆరిన బట్టలన్నీ ఒక్కడే మడతపెట్టాడు, నాకు ఒక్కటీ ఇవ్వలేదు.

"నడుస్తోంది కదా వారిజా. బజారుకెళ్లింది. అది చాలదా?"

"రోడ్డు మీద ఎవరొస్తున్నారో చూడకుండా నడుస్తోంది."

"అయితే పక్కన నేనుంటాను."

"నువ్వు ఎప్పుడూ ఉంటావా?"

దుప్పటి రెండు కొసలూ ఒక్కడికి అందలేదు. కాసేపు అవస్థపడి, నాకేసి చూడకుండానే ఒక కొస నావైపు చాపాడు. పట్టుకున్నాను.

"నువ్వన్నది తప్పనలేదు" అన్నాడు మడత పెడుతూ. "ఏదో ఒకటి చెయ్యి. గోడ పట్టుకుంటే చూడలేను."

*

పైడమ్మగారి ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తున్నారు. చూపుడువేలికి కట్టుంది.

"మీ ముసిల్ది పంపిందేటి?"

"లేదండీ. నేనే వచ్చాను."

"అది పంపదులే. నొప్పికి కాదే నా బాధ. నొప్పి పోద్ది. కొట్టీసి, నన్నే ముసిల్దానివంది. నాకంటే ఆర్నెల్లు పెద్దది అది!"

నేను యంత్రం గురించి చెప్పాను. ఎంతవరకు అర్థమైందో గానీ, పసుపుచీర పిల్ల ఎప్పుడూ తప్పదన్న దగ్గర పైడమ్మగారు ఈనెలు తీయడం ఆపేశారు.

"ఒక్కపాలి కూడా తప్పదా?"

"ఒక్కసారి కూడా."

"అయితే దానికి మా యవ్వారం ఏటి తెలుస్తాది?" అన్నారు. కట్టు ఉన్న వేలు చూసుకుని, "ఇప్పుడు నన్నేటి సెయ్యమంటావు?"

ఆ బొమ్మ లోపల మీరుండాలి అన్నాను. పక్కగదిలో ఇంకో హెడ్‌సెట్టూ పట్టీలూ ఉంటాయి, మీరెలా కదిలితే ఆ పిల్ల అలా కదులుతుంది, ముందుగా పసిగట్టడాలేమీ ఉండవు. పైడమ్మగారు ఒప్పుకున్నారు. కానీ ఆ పిల్ల తానేనని సన్యాసమ్మగారికి చెప్పొద్దన్నారు. "నానని తెలిస్తే ఆడదు. దాని పొగరు నీకు తెల్దు."

ఇద్దరినీ వేరువేరు దారుల్లో ప్రయోగశాలకు చేర్చడానికి సింహాద్రి సెలవు పెట్టాల్సొచ్చింది. పైడమ్మగారిని తన బండి వెనక కూర్చోబెట్టుకుని, నా హెల్మెట్ పెట్టించి తీసుకొచ్చాడు. హెల్మెట్‌లోంచి దారంతో వేలాడుతున్న కళ్లజోడుతో ఆవిడ దిగుతుంటే, నవ్వు ఆపుకోవడానికి నేను గోడవైపు తిరగాల్సి వచ్చింది.

అద్దం గోడలకు ఇటొక గది, అటొక గది. మధ్యలో నేనూ భానోజీ. సన్యాసమ్మగారిని ఈ ఒక్కసారికీ అని బతిమాలి నిలబెట్టాను. పాట మొదలైంది.

మొదటి దెబ్బ ఆలస్యమైంది. ఆవిడ బిగుసుకుపోయారు. రెండోదీ ఆలస్యమే. ఎడమచెయ్యి గోడ వెతకడానికి లేచింది, కానీ మధ్యలో ఆగింది. పసుపుచీర పిల్ల గిరుక్కున తిరుగుతూ, కోల ఉన్న చేత్తోనే నడుం దగ్గర ఏదో సర్దుకుంది. తర్వాత కోల ఎత్తింది.

సన్యాసమ్మగారు తల పక్కకు వంచి చూశారు. మళ్లీ తిరిగే చోటొచ్చింది. పిల్ల మళ్లీ సర్దుకుంది.

"ఈ గుంట కొంగు సర్దుకుంటందేటి?" అన్నారు సన్యాసమ్మగారు. "బొమ్మకి కొంగెలాగ జారుద్దే?"

నేను అద్దానికి దగ్గరగా జరిగాను.

"ఒలే పైడీ!"

పక్కగదిలోంచి వెంటనే గట్టిగా వినిపించింది. "నాను కాదు!"

భానోజీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"కాపోతే ఎందుకే పలికినావు?"

పసుపుచీర పిల్ల మళ్లీ కొంగు సర్దుకుంది.

"ఏలు ఎలాగుంది?"

"ఉంది. సోట్లోనే ఉంది."

సన్యాసమ్మగారు కోల దించారు. హెడ్‌సెట్ కింద ముఖం సగమే కనిపిస్తోంది. పెదవులు రెండుసార్లు కదిలాయి. "లేటు సేస్తావు ఎప్పుడూ," అన్నారు చివరికి, "కానీ, తిరుగు."

తిరిగారు. ఇప్పుడు తెర మీద నేను అంతకుముందెన్నడూ చూడని చుక్కలు కనబడ్డాయి. పైడమ్మగారు కొంగు సర్దుకునే ప్రతిసారీ సన్యాసమ్మగారి ఒక పాదం తాలూకు చుక్క ఆరిపోతోంది. అంటే ఆవిడ ఒక కాలు ఎత్తి, దించకుండా, ఒంటికాలి మీద నిలబడి ఎదురుచూస్తున్నారు. కోల వచ్చి తగిలాకే రెండో పాదం నేలకు దిగుతోంది. పెద్దవాళ్లకు మేము నేర్పే వ్యాయామాలన్నింటిలోకీ కష్టమైనది అదే. గోడ పట్టుకోకుండా ఎవరూ చేయరు. ఆవిడ చేస్తున్నానని తెలియకుండా చేస్తున్నారు. అడుగు మాత్రం మునుపటికంటే బాగా చిన్నదైపోయింది.

"అడుగు తగ్గింది" అన్నారు భానోజీ.

"తగ్గింది సార్."

"రాసుకో. ఒంటికాలి నిలకడ కూడా రాసుకో."

*

ప్రయోగం చూడటానికి బయటి ఆసుపత్రులవాళ్లు వచ్చినప్పుడు భానోజీ రెండు ఫలితాలూ వాళ్ల ముందు పెట్టారు. ఎప్పుడూ తప్పని బొమ్మతో వచ్చిన పెద్ద అడుగులు, మనిషితో వచ్చిన చిన్న అడుగులూ ఒంటికాలి నిలకడా. శనగల తెరబొమ్మ కూడా చూపించారు. కొందరు మొదటిదే చాలన్నారు. అందరికీ జత దొరకడం జరిగే పని కాదన్నారు. వాళ్లూ అబద్ధం చెప్పలేదు. అర్జునరావుగారు నన్ను అదే అడిగారు: "సన్యాసమ్మకి పైడమ్మ ఉంది. నాకెవరున్నారమ్మా? నా బొమ్మని నాకుంచెయ్యండి."

ఆయనకు ఎదురుగా ఇప్పుడు మంగళవారాలు నేనే నిలబడుతున్నాను. నాకు కోలాటం రాదు. బస్సు కండక్టరును తిట్టినట్టు తిడుతున్నారు. పోయిన వారం మాత్రం మంచినీళ్ల గ్లాసు అందిస్తూ, నా వేళ్లు బిగుసుకునేదాకా వదల్లేదు. అది ఆయన గమనించలేదు. నేను ఇంటికెళ్లేదాకా ఆగలేక, దారిలోనే సింహాద్రికి ఫోను చేసి చెప్పాను.

దసరా ఊరేగింపు రోజున సాయంత్రం ఇంకా వెలుగుండగానే వీధిలో రాట నిలబెట్టారు. సూరప్పడు సన్యాసమ్మగారి చేతికి ఎర్రతాడూ పైడమ్మగారి చేతికి పచ్చతాడూ ఇచ్చి, ఇద్దరికేసీ అనుమానంగా చూసి, తాళం అందుకున్నాడు. భానోజీ కూడా వచ్చి జనంలో నిలబడ్డారు. సింహాద్రి నా పక్కనే ఉన్నాడు.

జడ అల్లుకోవడం మొదలైంది. సన్యాసమ్మగారి అడుగులు చిన్నవి. ఎదురైన ప్రతి మనిషి ముఖం చూస్తున్నారు, కోల కలుపుతున్నారు, దాటుతున్నారు. సగం జడ అల్లుకున్నాక కుళాయి నీళ్లు పారి తడిసిన చోటొకటి వచ్చింది. ఆవిడ అక్కడ ఆగిపోయారు. కాలు లేవలేదు.

పట్టుకోవడానికి గోడ లేదు, నడుముకు బెల్టు లేదు. సింహాద్రి ముందుకు కదలబోయాడు. నేను తన చొక్కా పట్టుకుని ఆపాను.

ఆవిడ ఆగడంతో వెనకావిడ ఆగింది. ఆమె వెనక ఇంకొకరు. ఎర్రతాడు బిగుసుకుంది, దానితో మిగతా తాళ్లన్నీ బిగుసుకున్నాయి. జట్టంతా నిలబడిపోయింది. ఎవరూ తాడు లాగలేదు, ఎవరూ వదల్లేదు. సూరప్పడు పాటలో ముందుకు వెళ్లకుండా పాడిన చరణాన్నే మళ్లీ అందుకున్నాడు. అదయ్యాక మళ్లీ అదే.

తడి అవతల పైడమ్మగారు కోల ఎత్తి పట్టుకుని నిలబడ్డారు.

"రాయే" అన్నారు.

"ఉండే. కాలు రానేదు."

"రానీ. నాకేటి తొందర?"

చరణం ఇంకోసారి తిరిగింది. సన్యాసమ్మగారు తడిని చూశారు, తర్వాత తల ఎత్తి పైడమ్మగారిని చూశారు. మడమ లేచింది. గాల్లో కాసేపు ఆగింది. తడి ఇవతలే, ఒక చిన్న అడుగు దూరంలో పడింది. రెండోది తడిలో పడింది. జారలేదు.

కోల కలిసింది. ఆ చప్పుడుకు సూరప్పడు తర్వాతి చరణం అందుకున్నాడు.